జాలరిపేట నూతికి వలతాడు

మొన్న ఆదివారం పొద్దున్న గోపాలపట్నం బజారులో చేపలు కొందామని బయల్దేరాను. మోకాళ్లు నొప్పులు మొదలెట్టాక బజారు పనులు మానుకోమని మా కోడలు చెబుతూనే ఉంటుంది గానీ, మొప్ప ఎత్తి చూడకుండా ఫోనులో చేప తెప్పించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అందుకని తనూ నా వెంట వచ్చింది. నేను చందువలు బేరమాడుతూ, ఇవి నిన్నటివి కావా అని గదమాయిస్తూ ఉండగా, పక్క బుట్ట ముందు కూర్చున్న తలనెరిసిన మనిషి ఒకతె నా గొంతు విని కత్తి కింద పెట్టి, నా ముఖంలోకి తేరిపార చూసి, "నువ్వు మా నూతి టీచరమ్మవి కాదేటి?" అంటూ చేపల చేత్తోనే నా చెయ్యి పట్టేసుకుంది.

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో! మా కోడలు తెల్లబోయి, లెక్కల టీచరని విన్నాను, తెలుగు టీచరని విన్నాను, ఈ నూతి టీచరేమిటి అత్తయ్యా అని అడిగింది. చేపలమ్మే ఆవిడ ఒకప్పుడు మూడో తరగతిలో నా దగ్గర చదువుకున్న పిల్ల. ఎక్కాలు ఒక్కటీ సరిగ్గా రాకపోయేది గానీ, చేపల లెక్కలో మాత్రం నన్నే తికమక పెట్టేది. ఆ పిల్ల నెరిసిన జుట్టు చూసి నా వయసు గుర్తొచ్చింది, దానితోపాటు జాలరిపేట ఇసుకా, ఆ నుయ్యీ, ఆ రెండో శనివారమూ అన్నీ గుర్తొచ్చాయి. ఇంటికి వచ్చాక కోడలికి చెప్పడం మొదలుపెట్టాను, చేపలు కడిగి పులుసు దించేదాకా చెబుతూనే ఉన్నాను. నా ఈడు వాళ్లు మీరూ కాస్త వినండి.

మాది పాత ఊళ్లో ఉన్న మిషన్ బడి. పెంకులకప్పు, పొడుగాటి వరండా, గాలి కొంచెం తిరిగితే చాలు హార్బరులో ఓడల కూతలు మా ప్రార్థనలో కలిసిపోయేవి. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలు, పాత ఊరి దుకాణాల ముస్లిముల పిల్లలు, పోర్టు ఉద్యోగుల పిల్లలు, బ్యాంకు ఆఫీసర్ల పిల్లలు, జాలరిపేట పిల్లలు అందరూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఆ బడికి ఒక ఆనవాయితీ ఉండేది. ఎండలు ముదరకముందు వచ్చే ఒక రెండో శనివారం సేవాదినం. ఆ రోజు పిల్లలొక్కళ్లే రావడం కాదు, ఇంటిల్లిపాదీ రావాలి. తండ్రి షిఫ్టు మార్చుకుని రావాలి, తల్లి చంకలో పిల్లాణ్ణి వేసుకునైనా రావాలి. టీచర్ల ఇళ్లవాళ్లకీ మినహాయింపు లేదు. పనిముట్టు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, అన్నం ఎవరిది వాళ్లే కట్టుకుని రావాలి, తినేటప్పుడు మాత్రం అందరిదీ ఒక చోట పెట్టి వడ్డించుకోవాలి. ఒకరినొకరు అడక్కుండానే ప్రతి ఇల్లాలూ పులిహోరే కలిపి తెచ్చేది కాబట్టి, ఆ రోజు బడి ప్రపంచమంతా పసుపుపచ్చగా కనిపించేది.

నేను టీచరుగా చేరింది ఎనభైల మొదట్లో. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఇంకా నేల చదును చేస్తున్న రోజులవి, ఊళ్లో ఎవరిని కదిపినా అక్కడ ఉద్యోగాల మాటే. మా నాన్న పోర్టులో ఓడ మీద నిలబడి, కింద సరుకు కట్టేవాళ్లకీ పైన క్రేను నడిపేవాడికీ మధ్య చేతులతో సైగలు చేసే పనిలో ఉండేవారు. ఆ సైగలు ఇంట్లో కూడా వదిలేవారు కాదు. అన్నం చాలంటే అరచెయ్యి బోర్లించేవారు, ఇంకొంచెం వడ్డించమంటే చూపుడువేలు గాలిలో తిప్పేవారు. నాకు మాత్రం సైగలతో పని లేదు. ఆ వయసులో నా నోరు పోర్టు సైరనుకి ఏమాత్రం తీసిపోయేది కాదు.

ఆ ఏడు సేవాదినం ఏర్పాట్లు కొత్తగా చేరిన నాకు అప్పజెప్పారు మా పెద్దటీచరుగారు. తెల్లటి నేతచీర, గుండ్రటి కళ్లద్దాలు, ఎంత కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి. అప్పజెబుతూనే ఒక సంగతి కూడా చెప్పారు. వచ్చే కుటుంబాలు ఏటేటా తగ్గిపోతున్నాయని, పని చేశామా అంటే చేశాం అన్నట్టు అయిపోతోందని, ఇక నుంచి సేవాదినం మానేసి హాల్లో ఒక సభ పెట్టి ఉపన్యాసాలతో సరిపెడదామని బడి కమిటీ పెద్దలు అనుకుంటున్నారట. ఈ ఒక్క ఏడూ చూద్దామని ఆవిడ వాళ్లను ఆపారట. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు నిద్రపట్టలేదు. ఆ బడిలోనే చదువుకున్న దాన్ని, చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని సేవాదినాలకి వెళ్లిన దాన్ని, నా చేతుల మీదుగా అది ఆగిపోవడమా!

సేవాదినం అంటే నాలుగైదేళ్లుగా అందరికీ తెలిసిన పనే, చీపుళ్లు పట్టుకుని జాలరిపేట వెళ్లడం, వీధులు తుడవడం, ఒక పెద్దమనిషి చేత శుభ్రత గురించి చెప్పించడం, తిరిగి రావడం. అంతకుముందు ఏడాది వచ్చిన పెద్దమనిషి అయితే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడాడట. ఈసారి ఏ వీధులు తుడవాలో చూసి రావడానికి నేను ముందుగా వెళ్లాను. మొన్న బజారులో కనిపించిన ఆ మూడో తరగతి పిల్ల వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. ఆ పేటలో ఆవిడ మాటంటే మాటే, మగవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవారు. నేను వచ్చిన పని వినయంగా చెప్పాను. ఆవిడ తలెత్తకుండానే అంది:

"ఏటి టీచరమ్మా, ఏటేటా సీపుర్లట్టుకుని వత్తారు, మా వీది తుడిసేసి ఎల్లిపోతారు. మా వీది మాకు తుడుసుకోడం రాదేటి? అదిగో, ఆ నూతిలో నీల్లుంటే అన్నీ మేవే కడుక్కుంటాం."

నాకు చురుక్కుమంది. కోపం వచ్చింది కూడా, అబద్ధం ఎందుకు, కానీ ఆవిడ చూపించిన వైపు చూశాక కోపం జారిపోయింది. సందు మొదట్లో ఇటుకల నుయ్యి. కిందటి తుపానుకి సముద్రపు ఇసుక ఎగిరిపడి సగానికి పైగా పూడిపోయింది. అడుగున మురికినీళ్లు కాసిని ఉన్నాయి, అవి గిన్నెలు తోమడానికి తప్ప పనికిరావు. ఆ సందులోకి మునిసిపాలిటీ నీళ్ల బండి తిరగదు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పైన రోడ్డు దాకా ఎక్కి, కొళాయి దగ్గర పడిగాపులు పడి తెచ్చుకోవాలి. తన నానమ్మ రోజుల్లో ఆ నూతి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవని ఆవిడ చెప్పింది. ఇప్పుడు అడుగుదాకా తీస్తే తియ్యటివే పడతాయో, సముద్రం లోపలికి దిగి ఉప్పుగా మారాయో ఎవరికీ తెలియదు. నేను అక్కడే, ఎవరినీ అడగకుండా, ఈసారి మా బడి వాళ్లం ఈ నుయ్యి తీస్తాం, సాయంత్రానికి నీళ్లు చూపిస్తాం అని మాటిచ్చేశాను. ఆవిడ అప్పుడు తలెత్తి చూసింది. నవ్వింది గానీ, నమ్మిన నవ్వు కాదది.

పెద్దటీచరుగారు ఈ సంగతి విని కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత ఒకటే మాట అన్నారు, సగంలో ఆపేస్తే ఉన్న ఆ కాసిని వాడుకనీళ్లు కూడా బురద చేసి పోయినవాళ్లమవుతాం, అది గుర్తుంచుకో అని. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇక దిగులు మొదలైంది. నీళ్లు పడకపోతే సేవాదినమూ పోతుంది, పేట వాళ్లకు చేసిన ఉపకారం అపకారమూ అవుతుంది. మా నాన్న మాత్రం సంతోషపడి, ఎక్కడినుంచో ఒక ఇనుప గిలక, సగానికి కోసిన తారు డబ్బా ఒకటీ సంపాదించి ముందురోజే నూతి పక్కన అరుగు మీద పెట్టేశారు.

శనివారం తెల్లారింది. కుటుంబాలు ఒకటొకటే దిగుతున్నాయి, నా గుండె కుదుటపడుతోంది. ఎన్నడూ లేనంత మంది వచ్చారు. నుయ్యి తీయడమంటే వింత కదా, చూద్దామని వచ్చినవాళ్లూ ఉన్నారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసే ఒకమ్మ రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చింది. అంతా బాగుంది, చేతుల్లో చూస్తే మాత్రం ప్రతి ఒక్కళ్లదీ చీపురే! నేను చీటీల్లో పారలు, తాళ్లు, తట్టలు అని రాసి పంపాను. కానీ సేవాదినం అన్న మాట చూడగానే ఆపైన ఎవరూ చదవలేదు. ఏళ్ల తరబడి అలవాటైపోయిన చేతులవి. పాత ఊళ్లో దుకాణం నడిపే ఒక ముస్లిం తండ్రి అయితే బడి మీద అభిమానం కొద్దీ రిక్షా నిండా కొత్త చీపుళ్లు వేసుకుని దిగాడు. నా ముఖం చూసి ఆయన నొచ్చుకుని, "సేవాదినం అంటే చీపుళ్లే గదండీ టీచరుగారూ!" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చీపుళ్లన్నీ ఒక గోడ వారగా పేర్చాం, అది చిన్న గడ్డివామంత అయింది.

ఆ చుట్టుపక్కల తిరిగి దొరికిన పారలు, గమేళాలు, కొబ్బరి చేంతాళ్లు పోగుచేశాం. ముందు మా నాన్న వెలిగించిన లాంతరు తాడుతో నూతిలోకి దించారు. అది ఆరిపోకుండా అడుగుదాకా వెలిగాక గానీ మనిషిని దిగనివ్వలేదు. పోర్టులో కలాసీగా చేసే ఒక తండ్రి, ఆయన తమ్ముడు లోపలికి దిగారు. మురికినీళ్లు తోడాం. ఆ తర్వాత ఇసుక మొదలైంది. ఇసుకతోపాటు పగిలిన కుండలు, వలకు కట్టే బెండ్లు, ఎవరిదో పలక, ఒక ఇత్తడి చెంబు కూడా బయటపడ్డాయి. ఆ చెంబు నాదంటే నాదని ఇద్దరు ముసలమ్మలు పోట్లాడుకున్నారు కూడా.

కానీ పొద్దెక్కేకొద్దీ నాకు ఒక సంగతి అర్థమవుతూ వచ్చింది. నూతి ఒరకు ఆనుకుని నిలబడి చేదగలిగేది నలుగురే. అంత జనం వచ్చారు, నలుగురు లాగుతుంటే మిగిలినవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. ఆ నలుగురూ అలిసి తప్పుకుంటే ఇంకో నలుగురు, అంతే. ఇసుక తడిసేకొద్దీ బరువెక్కుతోంది. గమేళా పైకి వచ్చేసరికి అందులో సగం మళ్లీ లోపలికే జారిపోతోంది. నాన్న తెచ్చిన గిలక అరుగు మీదే ఉంది, దాన్ని వేలాడదీయడానికి దిట్టమైన దూలమూ లేదు, దానిమీద పట్టే పొడుగాటి తాడూ లేదు. బ్యాంకు ఆఫీసరుగారి భార్య వెంకటగిరి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని సిద్ధంగా ఉంది పాపం, ఆవిడకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఒక చేంతాడు పుటుక్కున తెగింది. నిండు గమేళా లోపలికి పడిపోయింది. కింద ఉన్న అన్నదమ్ములు గోడకు అతుక్కుపోయారు కాబట్టి సరిపోయింది, ఒకరి భుజం గీరుకుని పోయిందంతే. పైన ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఇద్దరినీ పైకి తీసుకొచ్చాక పెద్దటీచరుగారు ఇక చాలు, ఆపేద్దాం అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. కానీ నూతిలోకి తొంగిచూస్తే అడుగున గోధుమరంగు బురద తప్ప మరేమీ లేదు. ఉన్న నీళ్లూ పోగొట్టాం. ఆ మూడో తరగతి పిల్ల వాళ్లమ్మ తన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. నేను అరుగు మీద గిలక పక్కన కూలబడిపోయాను.

మా నాన్న వచ్చి పక్కన కూర్చుని, సముద్రం వైపు గడ్డం ఎత్తి చూపించారు. వేటకు పోయిన పడవలు ఒడ్డుకు వచ్చేశాయి. పేట మగవాళ్లంతా పడవల నీడన కూర్చుని వలలు దులుపుకుంటూ, మధ్య మధ్య ఇటు చూస్తూ, వాళ్లలో వాళ్లు నవ్వుకుంటున్నారు. పెద్దవల తాడు చుట్టలు చుట్టలుగా ఇసుకలో పడి ఉంది, నా చెయ్యంత లావు. "మాటిచ్చేసి ఇలా కూకుండిపోతే ఎలాగమ్మా? ఎల్లి పిలు. ఆల్లూ మన బడోల్లే కదేటి?" అన్నారు నాన్న.

ఆ మాట నాకు ఎంత సూటిగా తగిలిందో ఈనాటికీ చెప్పలేను. నిజమే కదా! పేట పిల్లలు మా చాపల మీదే కూర్చుంటున్నారు, మా ప్రార్థనే చదువుతున్నారు. సేవాదినం చీటీలు మాత్రం ఆ ఇళ్లకు ఎన్నడూ వెళ్లలేదు. ఇన్నేళ్లూ వాళ్ల దగ్గరికి వెళ్లడమే తప్ప, వాళ్లను రమ్మనడం అనేది మా బడిలో ఎవరికీ తట్టని విషయం. నేను లేచాను. పడవల దగ్గరికి కాదు, ముందు ఆ గుమ్మం దగ్గరికే వెళ్లాను. ఎంత చనువైనా పిలుపంటే పిలుపే కాబట్టి, పెళ్లికి పిలిచినట్టే, ఇవాళ మా బడి సేవాదినం, మీరు ఇంటిల్లిపాదీ రావాలి, పనిముట్టు మీదే మీరు తెచ్చుకోవాలి అని చెప్పాను.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇన్నేల్లలో మమ్మల్ని ఎవులు పిలిసేరమ్మా? పిలిత్తే రాకుండా ఉంటామేటి?" అంటూ గుమ్మం దిగి, కొంగు నడుముకు బిగించి, సముద్రం వైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు పడవల నీడలన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పడం నాకు ఎన్నిసార్లయినా ఇష్టమే. తెరచాప కర్రలు మూడు తెచ్చి, పైన ముడివేసి, నూతి మీద ముక్కాలిపీటలా నిలబెట్టారు. దానికి మా నాన్న గిలక వేలాడింది. గిలక మీదుగా పెద్దవల తాడు నూతిలోకి దిగింది, దాని కొసకు తారు డబ్బా కట్టారు. తాడు రెండో కొస సందు వెంట సముద్రం దాకా పరిచారు. పెద్దవల లాగడం మీలో చూసినవాళ్లు ఉండే ఉంటారు. ఎవరూ నిలబడినచోట నిలబడి చేతులతో చేదుకోరు, తాడు పట్టుకుని వరసగా వెనక్కి నడుస్తారు. ఇక్కడా అదే. ఎంతమంది ఉంటే అంతమందికీ తాడు మీద చోటుంది! నలుగురికి మించి పట్టని నూతికి ఊరు ఊరంతా చెయ్యి వేయగలిగింది.

తాడు మొదట్లో కలాసీ తండ్రి, ఆ వెనక జాలర్లు, వాళ్ల మధ్య మధ్య మా బడి తల్లులు, తండ్రులు. వెంకటగిరి చీర ఆఫీసరుగారి భార్య ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ల నడుమ నిలబడింది. ముందు కాస్త ముడుచుకుంది గానీ రెండో డబ్బా లేచేసరికి అందరికంటే ఆవిడ గొంతే పైకి వినిపించింది. రాత్రంతా నిద్రలేని నర్సమ్మ తాడు వదలనంటే వదలనంది. చీపుళ్లు తెచ్చిన దుకాణం ఆయన టోపీ జేబులో దోపుకుని తాడు పట్టాడు. పిల్లలు ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరిపోయారు. వరస ఎంత పొడుగంటే చిట్టచివరి ముసలి జాలర్ల పాదాలు కెరటాల్లో తడుస్తున్నాయి.

నూతి ఒర దగ్గర మా నాన్న. ఈసారి లోపలికి దిగి ఇసుక ఎత్తే పేట కుర్రాళ్లు ఒరకు చేరగిలబడి ఉన్నారా లేదా చూసుకుని గాని చెయ్యి ఎత్తేవారు కాదు. పడవ మీద సరంగులా ఉండే ఒక జాలరి వరస ముందు నిలబడి, "బావా, నువ్వు సెయ్యెత్తు, మేం లాగతాం" అన్నాడు. ముందు పరిచయమైనా లేదు వాళ్లిద్దరికీ. నాన్న చూపుడువేలు గాలిలో తిరిగింది. హైలెస్సా అంటూ వరసంతా సముద్రం వైపు అడుగు వేసింది. గిలక కిర్రుమంది. నిండు డబ్బా ఇసుకతో, ఊపు లేకుండా, తొణక్కుండా పైకి వచ్చేసింది. నాన్న అరచెయ్యి బోర్లించగానే అంత పొడుగు వరసా ఒక్క మనిషిలా ఆగిపోయింది. ఇంట్లో అన్నం దగ్గర వేళాకోళం చేసే ఆ సైగలు అక్కడ చూసి నాకు కళ్లు చెమర్చాయి. పోర్టులో ఆయన పని చేయడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

డబ్బా తర్వాత డబ్బా. ఇసుక కుప్ప మా నడుముల ఎత్తు దాటింది, ఆ తర్వాత తలల ఎత్తు దాటింది. మధ్యలో ఎప్పుడు వచ్చి పట్టుకున్నారో గాని, పెద్దటీచరుగారు కూడా తాడు మీద ఉన్నారు. కళ్లద్దాలు ముక్కు కొసకు జారిపోతున్నా ఎత్తుకోవడానికి చెయ్యి వదలడం లేదు, గొంతు పెంచని ఆ మనిషి హైలెస్సా అంటున్నారు. మా పిల్లలు ఆ సంగతి ఏడాదిపాటు కథలుగా చెప్పుకున్నారు. అన్నం మాట ఎవరికీ గుర్తు రాలేదు. పులిహోర క్యారియర్లు గోడ నీడన చీపుళ్ల పక్కన అలాగే ఉన్నాయి.

ఎండ వాలి మా నీడలు సముద్రం మీదికి సాగుతున్న వేళ నూతిలోంచి కేక వచ్చింది. "జల పడిందిరో!" అని. తాడు వదిలేసి అందరూ పరుగెత్తబోతే నాన్న రెండు చేతులూ అడ్డంగా చాచి ఆపేశారు, లేకపోతే మూడు కర్రలూ మేమూ కలిసి లోపలికి పోయేవాళ్లం. అడుగున ఒక మూల ఇసుక బుడబుడమంటూ ఉడుకుతున్నట్టు లేస్తోందట. ముందు బురదనీళ్లు వచ్చాయి, వాటిని పారబోశాం. ఆ తర్వాతి డబ్బాలో కాస్త తేటపడ్డాయి. ఇంకొన్ని డబ్బాలు తోడేసరికి అడుగున ఉన్న ఇసుక రేణువులు కనిపించేంత తేటగా వచ్చాయి.

అప్పుడు అందరి మనసులోనూ ఉన్నది ఒకటే భయం. కెరటం చూస్తే పిలుపు దూరంలో ఉంది. ఇంత చేసి ఉప్పునీళ్లయితే? మొదటి గుక్క తాగమని అందరూ ఆ మూడో తరగతి పిల్ల తల్లినే ముందుకు తోశారు. తగవు పడ్డ ఆ ఇత్తడి చెంబే కడిగి చేతికిచ్చారు. ఆవిడ ఒక గుక్క నోట్లో పోసుకుంది. ఏమీ అనలేదు. ఇంకో గుక్క పోసుకుంది. మళ్లీ ఏమీ అనలేదు. నాటకాలకు పోతే ఎంత పేరు తెచ్చుకునేదో ఆ మనిషి! చివరికి నా దగ్గరికి వచ్చి, దోసిలి పట్టమని, చెంబులో మిగిలిన నీళ్లు నా దోసిట్లో పోసి, "మాటిచ్చినోల్లే సెప్పాల. సెప్పు," అంది.

నేను తాగాను. తాడు రాపిడికి అరచేతులు ఒలిచిపోయి ఉన్నాయి, నీళ్లు తగిలితే మంట. నాలుక మీద మాత్రం ఉప్పు లేదు, చేదు లేదు, చల్లగా, తియ్యగా, గొంతు దిగుతూ ఉంటే ఇంకా కావాలనిపించేలా ఉన్నాయి. తియ్యగా ఉన్నాయి అని అరవాలనుకున్నాను. కానీ తల ఊపానంతే. ఆ తల ఊపడానికి పేటంతా ఒక్కసారి కేక పెట్టింది, పడవల మీద కాకులన్నీ లేచిపోయాయి. ఆవిడ నన్ను చేపల కొంగుతోనే దగ్గరికి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టింది. నేను చిన్నపిల్లలా ఏడ్చేశాను, ఆవిడా ఏడ్చింది. పక్కన పెద్దటీచరుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పేట ఆడవాళ్లు గోడ వారగా పేర్చిన కొత్త చీపుళ్లు తలా ఒకటి తీసుకున్నారు. నూతి నీళ్లు బిందెలతో చల్లుకుంటూ, ఇసుకా బురదా పడ్డ తమ సందును ఆ చివరినుంచి ఈ చివరిదాకా తామే కడిగేసుకున్నారు. సాయం చేద్దామని వంగిన ఆఫీసరుగారి భార్యను వెనక్కి లాగి కూర్చోబెట్టారు కూడా. దుకాణం ఆయన ముఖం అప్పుడు చూడాలి! తను తెచ్చినవి వృథా పోలేదని అందరికీ రెండు మూడుసార్లు గుర్తు చేశాడు. మధ్యాహ్నం తినవలసిన అన్నం అప్పుడు తిన్నాం, సందెవెలుగులో ఇసుక మీద వరసలుగా కూర్చుని. మాది పులిహోర, వాళ్లది అప్పటికప్పుడు పొయ్యి మీంచి దించిన చేపల పులుసు. శాకాహారుల ఇళ్లవాళ్లు నాలుగు అడుగుల అవతల కూర్చున్నారు గానీ, తాగడానికి అందరివీ ఆ నూతి నీళ్లే. అంత రుచైన భోజనం నేను పెళ్లిళ్లలో కూడా తినలేదు.

హాల్లో సభ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరుసటేడు నుంచి సేవాదినం చీటీలు మొట్టమొదట జాలరిపేటకే వెళ్లేవి. వాళ్లు వస్తే పెద్దవల తాడూ వచ్చేది. ఒక ఏడు పద్మనాభం ఊరి వైపు పొలాల్లో తుపానుకి కూలి కాలువకు అడ్డం పడ్డ చెట్లను లాగేశాం. అక్కడి రైతులు సముద్రం తాడు పొలంలోకి రావడం చూసి నోళ్లు తెరిచారు. తాడు పట్టిన చేతులు ఆఫీసరువా, జాలరివా, దుకాణం ఆయనవా అని ఎవరూ చూసేవారు కాదు, అందరి అరచేతులూ ఒకేలా ఒలిచిపోయేవి. నాకు మాత్రం నూతి టీచరు అన్న పేరు స్థిరపడిపోయింది. పెళ్లయి ఇంటిపేరు మారింది, ఆ పేరు మారలేదు.

బజారులో నా చెయ్యి పట్టుకున్న ఆవిడ చెప్పగా విన్నాను, ఇప్పుడు పేటలో ఇంటింటికీ కొళాయిలు వచ్చాయట, నూతి మీద బల్ల వేసి మూసేశారట. మంచిదే కదా, ఆడవాళ్లకు బిందెల బరువు తప్పింది. వాళ్లమ్మ మాత్రం బల్ల వేసేదాకా ఆ నూతి నీళ్లే తాగిందట. ఇంట్లో కొళాయి తిరుగుతున్నా చెంబు పట్టుకుని అటే నడిచేదట. ఆ మాటకు నాకు గర్వం వచ్చిందో, దుఃఖం వచ్చిందో, రెండూ ఒకేసారి వచ్చాయి.

నా కథ అయ్యేసరికి పులుసు దిగింది. మా కోడలు చేతులు తుడుచుకుని ఫోను తీసి, నవ్వుతూనే, మా మనవరాలి బడినుంచి ముందురోజు వచ్చిన సందేశం చదివి వినిపించింది. వచ్చే శనివారం వాళ్లకూ సేవాదినమట. పిల్లలను బస్సులో సముద్రపు ఒడ్డుకు తీసుకెళతారట, చేతులకు తొడుగులు వాళ్లే ఇస్తారట, గంటలో తీసుకొచ్చేస్తారట. చివర ఒక ముక్క, తల్లిదండ్రులు రానవసరం లేదు అని. అన్నీ అమిరిపోయిన కాలం ఇది, ఎవరి అవసరమూ ఎవరికీ లేకుండా పిల్లలకు సేవ నేర్పుతున్నారు. రమ్మని ఒక్క మాట అనడం ఎంత చిన్న పనో, ఆ మాట కోసం గుమ్మాల్లో ఎంతమంది నిలబడి ఉంటారో ఆ సందేశం రాసినవారికి తెలియదు పాపం, ఒకప్పుడు మాకూ తెలియలేదు.

బజారులో విడిపోయేటప్పుడు ఆ పిల్ల, నా కళ్లకు ఇంకా మూడో తరగతి పిల్లే మరి, చందువలు కాగితంలో చుట్టి నా సంచిలో వేస్తూ అడిగింది, "మల్లీ ఎప్పుడు పిలుత్తావు టీచరమ్మా? తాడు ఇంకా మా ఇంట్లోనే ఉంది," అని.